వైల్డ్ కార్డ్ కొనుక్కునేది కాదు: అమ్మాయిల ప్రొఫెషనల్ టెన్నిస్ మీద అపోహలు, వాస్తవాలు

సోలాపూర్ లాంటి ఊళ్లో అమ్మాయిల ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) టోర్నీ ఉందని తెలిస్తే చాలు, హైదరాబాద్ నుంచీ గుంటూరు నుంచీ నాకు ఫోన్లు మొదలవుతాయి. "మేడమ్, వైల్డ్ కార్డ్ కోసం ఎవర్ని కలవాలి? ఎంతవుతుంది?" వైల్డ్ కార్డ్ అంటే ర్యాంకు చాలకపోయినా పోటీలో నేరుగా ఆడనిచ్చే ప్రత్యేక అవకాశం. అమ్మాయిలకు కోచింగ్ ఇస్తూ, వాళ్ల వెంట ఇలాంటి టోర్నీలకు తిరిగే నాకు ఆ "ఎంతవుతుంది" వింటే కడుపు మండుతుంది. అడిగే తల్లిదండ్రుల మీద నాకు కోపం లేదు. అలా అడగాలని వాళ్లకు నేర్పినవాళ్ల మీదే కోపమంతా.

అపోహ: డబ్బు కడితే వైల్డ్ కార్డ్ వస్తుంది, వైల్డ్ కార్డ్ వస్తే పాప దారిన పడినట్టే.

రెండూ తప్పే. మామూలుగా 32 మంది ఆడే మెయిన్ డ్రాలో, అంటే అసలు పోటీలో, వైల్డ్ కార్డులు నాలుగు. ఎవరికివ్వాలో జాతీయ సంఘం, నిర్వాహకులు చూసుకుంటారు. ర్యాంకు కొద్దిలో చాలక ఆగిపోయిన అమ్మాయికో, జూనియర్స్‌లో బాగా ఆడుతున్న పిల్లకో, ఆ ఊరి ప్లేయర్‌కో వెళ్తుంటాయి. అడగడానికి పైసా ఖర్చు లేదు, రాతపూర్వకంగా అడిగితే సరిపోతుంది. వైల్డ్ కార్డ్ కోసం డబ్బివ్వడమూ తీసుకోవడమూ టెన్నిస్ అవినీతి నిరోధక నియమాల కింద నేరం. ఆ నియమాలు ప్లేయర్‌తో ఆగవు. అక్రెడిటేషన్ బ్యాడ్జి మెడలో వేసుకున్న కోచ్‌కీ, అమ్మకీ, నాన్నకీ వర్తిస్తాయి. ఇంటర్నేషనల్ టెన్నిస్ ఇంటెగ్రిటీ ఏజెన్సీ చేతికి విషయం వెళ్తే జరిమానా పడొచ్చు, నిషేధం పడొచ్చు. అంటే కూతురి కోసం అప్పు తెచ్చి కట్టిన డబ్బే కూతురి ఆట ఆపేయగలదు.

ఒక చిన్న ఊరి టోర్నీలో చూసింది చెప్తాను. పదహారేళ్ల అమ్మాయి, ఫోర్‌హ్యాండ్ చాలా గట్టిది. మధ్యవర్తి ఒకడు "మీ పేరు లిస్టులో పడిపోయింది, ఆదివారం వచ్చేయండి చాలు" అని వాళ్ల నాన్న దగ్గర అడ్వాన్సు లాగాడు. ఆదివారం పొద్దున తండ్రీకూతుళ్లు బ్యాగుల్తో దిగారు. డ్రాలో పేరు లేదు, అతని ఫోను స్విచాఫ్. అసలు ఘోరం తర్వాత తెలిసింది. ఆ వారం క్వాలీస్‌లో, అంటే మెయిన్ డ్రాకి ముందు జరిగే క్వాలిఫయింగ్ మ్యాచ్‌ల్లో, ఖాళీలు మిగిలాయి. శనివారం సాయంత్రం సైన్-ఇన్‌కి (ఆడతామని అక్కడికొచ్చి పేరు నమోదు చేసుకోవడానికి) వచ్చి ఉంటే ఆల్టర్నేట్‌గా, అంటే ఖాళీలో ఆడే ప్లేయర్‌గా, ఆ పాపకు చోటు దొరికేది. వైల్డ్ కార్డ్ ఉందన్న నమ్మకంతో వాళ్లు సైన్-ఇన్ సంగతే పట్టించుకోలేదు. ఆ నాన్న నన్ను పక్కకు పిలిచి "డబ్బు సంగతి పాపకు చెప్పకండి మేడమ్" అన్నాడు. పాప అక్కడే షూ లేసు విప్పి మళ్లీ కట్టుకుంటోంది. తనకు అప్పటికే అంతా అర్థమైంది.

సరే, న్యాయంగానే వైల్డ్ కార్డ్ వచ్చిందనుకుందాం. ఐటీఎఫ్ టోర్నీల్లో అన్నిటికంటే కింది మెట్లు డబ్ల్యూ15, డబ్ల్యూ35. వాటిలో మొదటి రౌండ్‌లో ఓడితే ర్యాంకింగ్ పాయింట్లు సున్నా. ఒక మ్యాచ్ గెలిస్తే డబ్ల్యూ15లో ఒక పాయింటు, డబ్ల్యూ35లో నాలుగు. డబ్ల్యూటీఏ (మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘం) ర్యాంకింగ్‌లో పేరు కనబడాలంటే మూడు టోర్నీల్లోనైనా పాయింట్లు ఉండాలి, లేదా మొత్తం పదైనా రావాలి. వచ్చినవి కూడా 52 వారాలు దాటితే పోతాయి. స్థాయికి మించిన డ్రాలో 6-0, 6-1తో ఓడిన పాపకు మిగిలేది ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకునే ఒక ఫోటో.

"సానియాకి వైల్డ్ కార్డే కదా ఇచ్చారు" అంటారు. నిజమే, 2005 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో ఇచ్చారు. ఆమె రెండు మ్యాచ్‌లు గెలిచి, మూడో రౌండ్‌లో సెరెనా చేతిలో ఓడింది. ఆ పిలుపు వచ్చేనాటికే 2003 వింబుల్డన్ జూనియర్ డబుల్స్ గెలిచి ఉంది, కింది స్థాయి ఐటీఎఫ్ టోర్నీల్లో ఆడి ఆడి రాటుదేలింది. ఆస్ట్రేలియా నుంచి వచ్చాక అదే ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ కొట్టింది. ఇంకా దగ్గరి ఉదాహరణ కోయంబత్తూరు అమ్మాయి మాయా రాజేశ్వరన్. 2025 ఫిబ్రవరిలో ముంబైలో జరిగిన డబ్ల్యూటీఏ 125 స్థాయి టోర్నీలో పదిహేనేళ్లకే సెమీస్ దాకా వెళ్లింది. మొదలుపెట్టింది క్వాలిఫయింగ్ నుంచే. క్వాలీస్ ఆడించడం చిన్నతనం అనుకునే తల్లిదండ్రులకు నేను ప్రతిసారీ ఆ వారం గురించే చెప్తాను. మెయిన్ డ్రా మొదటి మ్యాచ్‌కి వచ్చేసరికి క్వాలిఫయర్‌కి ఆ కోర్టు బౌన్సు తెలుసు, ఆ ఊరి గాలి తెలుసు, ఒళ్లు వేడెక్కి ఉంటుంది.

కాబట్టి చేయాల్సింది ఇది. ఐపిన్ (ఐటీఎఫ్ దగ్గర ప్లేయర్ నమోదు నంబరు) చెల్లుబాటులో ఉంచండి. ఎంట్రీ గడువు టోర్నీకి దాదాపు రెండున్నర వారాల ముందే ముగుస్తుంది, తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి. ముందు డబ్ల్యూటీఏ ర్యాంకు, తర్వాత ఐటీఎఫ్ వరల్డ్ టెన్నిస్ ర్యాంకు చూస్తారు. మంచి జూనియర్ ర్యాంకు ఉన్నవాళ్లకి కొన్ని స్థానాలు విడిగా ఉంటాయి. వాటికోసం జూనియర్ టోర్నీలు మానేయకండి. పేరు ఆల్టర్నేట్లలో ఉంటే సైన్-ఇన్‌కి స్వయంగా వెళ్లండి. ఎవరైనా డబ్బడిగితే ఆ మెసేజ్ దాచి, టోర్నీ సూపర్‌వైజర్‌కి చూపించండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

అపోహ: డబ్ల్యూ35 అంటే 35 వేల డాలర్లు. కాదు. 2024 నుంచి ఆ అంకె విజేతకు వచ్చే పాయింట్లని చెప్తుంది. ప్రైజ్ మనీ వేరు, అది కూడా డ్రా అంతటికీ పంచేది. డబ్ల్యూ15లో సింగిల్స్ విజేతకే రెండున్నర వేల డాలర్ల లోపు వస్తుంది, మొదటి రౌండ్‌లో ఓడితే రెండొందలు కూడా రావు. టికెట్లు, హోటల్, రాకెట్ స్ట్రింగింగ్ ఈ డబ్బుతో గడుస్తాయని లెక్కేసి పొలం అమ్మకండి, దయచేసి.

అపోహ: చిన్నప్పుడే ఎన్ని ప్రొఫెషనల్ టోర్నీలు ఆడితే అంత ముందుంటుంది. పద్నాలుగు నిండకుండా ఆడనివ్వరు. పద్దెనిమిది నిండేదాకా ఏడాదికి ఇన్నే అని పరిమితి ఉంది. పిల్లల ఒళ్లూ మనసూ అరిగిపోకూడదనే ఆ నియమం.

అపోహ: అమెరికా కాలేజీకి వెళ్తే ఆట అయిపోయినట్టే. మన సహజ యమలపల్లి శామ్ హ్యూస్టన్ స్టేట్ యూనివర్సిటీకి ఆడి, తర్వాతే ప్రొఫెషనల్‌గా నిలబడింది. 2022 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్ ఆడిన డానియెల్ కాలిన్స్ కూడా కాలేజీ టెన్నిస్ నుంచే వచ్చింది.

అపోహ: గ్యాలరీ నుంచి కోచ్ మాట్లాడటం మోసం. ఒకప్పుడు తప్పే. 2025 నుంచి నియమాలే ఒప్పుకుంటున్నాయి. పాయింట్ నడుస్తుండగా కాదు, మధ్యలో, క్లుప్తంగా. కోచ్ నోరు విప్పగానే అంపైర్ మీద అరవకండి.

అపోహ: చిన్న ఊళ్ల టోర్నీల్లో అన్నీ ఫిక్సింగే. దీని దగ్గర కాస్త ఆగాలి. కింది స్థాయిలో ఫిక్సింగ్ కేసులు బయటపడ్డాయి, ప్లేయర్లు నిషేధాలూ పొందారు. అది నిజం. కానీ సెట్ గెలిచి తర్వాత కూలిపోయిన ప్రతి అమ్మాయీ అమ్ముడుపోయినట్టు కాదు. క్వాలీస్‌లో రెండు మూడు మ్యాచ్‌లు, మెయిన్ డ్రా సింగిల్స్, అదే సాయంత్రం డబుల్స్ ఆడిన పిల్ల మూడో సెట్‌లో కాళ్లు కదపలేకపోతే అది అలసట.

సోలాపూర్‌లో మన పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి, గ్యాలరీలో కూర్చుంటే పక్కన తెలుగు వినబడుతుంది. అక్కడోసారి ఒక పెద్దాయన, ఓడి బయటికొస్తున్న అమ్మాయికి వినబడేలా "కావాలనే వదిలేసింది" అన్నాడు. ఆ అమ్మాయిది మన తెలుగే, ఆయనకు తెలీదు. ఏమీ అనకుండా నడిచి, ఫిజియో గదిలోకి వచ్చి నాకు ఫోన్ చూపించింది. మ్యాచ్ అయ్యి అరగంట కాలేదు, ముక్కూమొహం తెలియని వాళ్ల నుంచి వరసగా బూతులు, చంపుతామన్న బెదిరింపులు. ఏ దేశంలోనో కూర్చుని ఆమె మీద పందెం కాసి పోగొట్టుకున్నవాళ్లు. మడమకు ఐసు పెట్టించుకుంటూ ఒక్కొక్కటీ చదువుతోంది.

అమ్మలూ నాన్నలూ, మ్యాచ్ రోజు పాప ఫోను మీ దగ్గర ఉంచుకోండి. అలాంటి మెసేజ్‌లు డిలీట్ చేయకండి, స్క్రీన్‌షాట్ తీసి సూపర్‌వైజర్‌కి ఇవ్వండి, ఖాతాలు బ్లాక్ చేయండి. తనతో మాత్రం ముందు అన్నం సంగతి మాట్లాడండి. స్కోరు సంగతి తర్వాత, అదీ తనే ఎత్తితే.