పెద్ద తెర ఈ-రీడర్‌కి 2010లో ఏం జరిగింది

ఈ-పుస్తకాలు చదువుకునే ఈ-రీడర్లలో అమెజాన్ వాళ్ళ కిండిల్ పేపర్‌వైట్ తెర కూడా ఏడంగుళాలకు పెరిగాక, పెద్ద తెర మేలా, ఒంటి చేత్తో పట్టుకునేది మేలా అన్న గొడవ మళ్ళీ రాజుకుంది. అసలు మలుపు 2009-10లో ఉంది.

2009లో అమెజాన్ 9.7 అంగుళాల కిండిల్ డీఎక్స్‌ను 489 డాలర్లకు తెచ్చి, పాఠ్యపుస్తకాల కోసమంటూ ప్రిన్స్‌టన్, ఆరిజోనా స్టేట్ లాంటి యూనివర్సిటీల్లో విద్యార్థుల చేతికిచ్చి చూసింది. నోట్స్ రాసుకోవడం కష్టంగా ఉందని ప్రిన్స్‌టన్ విద్యార్థులన్నారు. మెనూలు చదివి వినిపించదు కాబట్టి చూపు లేనివాళ్ళు వాడలేరని ఆరిజోనా స్టేట్ మీద కేసు పడింది. మొదట్లో పీడీఎఫ్‌ను జూమ్ చేసే వీలు కూడా లేదు. వీటిలో ఒక్కటైనా తెర పెద్దదవడం వల్ల వచ్చిన ఇబ్బందా? ఈలోగా 2010 ఏప్రిల్‌లో సరిగ్గా అంతే తెరతో, రంగుల్లో, 499 డాలర్లకే ఐప్యాడ్ వచ్చేసింది. కొన్ని నెలలకే ఆరంగుళాల కిండిల్ ధర 139 డాలర్లకు దిగింది. 10.7 అంగుళాల 'క్యూ' రీడర్‌ను ప్లాస్టిక్ లాజిక్ అనే కంపెనీ కొనేవాళ్ళకు చేరకముందే రద్దు చేసుకుంది. అంతే, ఈ-రీడర్లలో వాడే, కాగితంలా కనిపించే ఈ-ఇంక్‌లో పెద్ద తెర అమ్ముడుపోదన్న మాట పాతుకుపోయింది.

ఆ మాటను నమ్మనిది కిండిల్‌కి పోటీగా ఈ-రీడర్లు చేసే కోబో. 2013లో 6.8 అంగుళాల ఆరా హెచ్‌డీ, మరుసటి ఏడు అదే సైజులో నీళ్ళలో పడినా పాడవని హెచ్‌2ఓ, 2016లో 7.8 అంగుళాల ఆరా వన్, అదీ 229 డాలర్లకే. చదవడానికే పెద్ద తెర కావాలనేవాళ్ళు ఉన్నారని వరసగా చూపించింది. అమెజాన్ 2017లో కిండిల్ ఒయాసిస్‌ను ఏడంగుళాలు చేసింది గానీ, ఎక్కువమంది కొనే పేపర్‌వైట్ 6.8కి చేరేసరికి 2021 వచ్చింది.

జేబులో పట్టాలనేవాళ్ళకి మామూలు కిండిల్, కోబో క్లారా ఇప్పటికీ ఆరంగుళాల్లోనే దొరుకుతున్నాయి. ఇబ్బందంతా పది అంగుళాలు కావాలనేవాళ్ళకే. 2021లో కోబో ఎలిప్సా, 2022లో కిండిల్ స్క్రైబ్ వచ్చాయి, రెండూ పెన్నుతో కలిపి నోట్‌బుక్కులుగా అమ్మినవే, వచ్చినప్పుడు స్క్రైబ్ మొదలే 340 డాలర్లు. రాసే పని లేనివాడు కూడా పెన్ను డబ్బులు కట్టాలి!

ఇది మనకి మరీ తగులుతుంది. 2016లో కిండిల్‌లోకి ఐదు భారతీయ భాషల పుస్తకాలు వచ్చినప్పుడు తెలుగు వాటిలో లేదు. మన పాత పుస్తకాలు చాలావరకు స్కాన్ చేసిన పీడీఎఫ్‌లే, వాటిలో అక్షరం సైజు పెంచుకునే వీలుండదు. పేజీ మొత్తం ఆరంగుళాల్లో ఇరికిస్తే వత్తులు చుక్కల్లా కనిపిస్తాయి.