మాత్ర ఇవ్వకుండా తెలుసుకోగలమా? ఆస్పిరిన్ ఆస్తమా పరీక్షల వెనుక నూరేళ్ల కథ

టైఫాయిడ్ అనుమానం రాగానే మన ఊళ్లలోని ల్యాబులు చేసే వైడాల్ పరీక్షకు ఆ పేరు ఫ్రాన్స్ వైద్యుడు ఫెర్నాండ్ విడాల్ వల్ల వచ్చింది. రోగి రక్తంతో జబ్బును పట్టుకునే ఆ పద్ధతిని ఆయన 1896లో ప్రకటించారు. అదే విడాల్ 1922లో ఇద్దరు సహచరులతో కలిసి మరో జబ్బును వర్ణించారు. ఆస్తమా, ముక్కులో పాలిప్స్ (మెత్తటి కండలు) పెరగడం, ఆస్పిరిన్ పడకపోవడం అనే మూడు బాధలూ ఒకే మనిషిలో కనిపించే జబ్బు అది. దాన్ని పట్టుకోవడానికి మాత్రం ఆయన చేతిలో రక్తపరీక్ష ఏదీ లేదు. కొద్ది కొద్దిగా ఆస్పిరిన్ ఇచ్చి, ఏం జరుగుతుందో చూశారు. వందేళ్లు దాటినా ఈ జబ్బును కచ్చితంగా నిర్ధారించే దారి ఇప్పటికీ అదే.

విడాల్ వ్యాసం ఫ్రెంచిలో ఉండటంతో ఇంగ్లీషు వైద్య ప్రపంచం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. 1968లో అమెరికాలో మాక్స్ సామ్టర్, రోలండ్ బీర్స్ ఈ మూడు లక్షణాల కలయికను మళ్లీ వివరంగా రాశాక జబ్బుకు సామ్టర్ పేరే స్థిరపడింది. ఎవరికి పేరు దక్కిందన్నది నాకు పెద్ద విషయం కాదు. మధ్యలో గడిచిన నలభై ఆరేళ్లలో తలనొప్పికి మాత్ర వేసుకుని ఊపిరాడక అల్లాడినవాళ్లు ఎందరో, వాళ్లలో కారణం తెలిసినవాళ్లు ఎందరో అన్నదే బాధ కలిగిస్తుంది. పెద్దవాళ్లలో ఆస్తమా ఉన్నవారిలో సుమారు 7 శాతానికి, తీవ్రమైన ఆస్తమా ఉన్నవారిలో సుమారు 15 శాతానికి ఈ జబ్బు ఉంటుందని అంచనా.

ఇది అలర్జీలా కనిపిస్తుంది గానీ అసలైన అలర్జీ కాదు. చర్మం మీద గుచ్చి చూసే పరీక్షలు, రక్తంలో అలర్జీకి కారణమయ్యే ఐజీఈ అనే యాంటీబాడీని కొలిచే పరీక్షలు దీన్ని పట్టుకోలేవు. పైగా ఆస్పిరిన్‌తో రసాయనికంగా పోలికే లేని ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కూడా ఇదే దాడిని తెస్తాయి. చీటీ లేకుండానే మందుల షాపుల్లో నొప్పి మాత్రలు చేతికందే మన చోట ఈ సంగతి ప్రతి ఆస్తమా రోగికీ తెలియాలి. నిర్మాణంలో ఇంత తేడా ఉన్న మందులు ఒకే పని ఎలా చేస్తున్నాయి?

1971లో లండన్‌లో ఔషధ శాస్త్రవేత్త జాన్ వేన్ దీనికి తాళంచెవి అందించారు. ఆస్పిరిన్ లాంటి మందులు శరీరంలో నొప్పి, వాపు లాంటి వాటిని నడిపే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల తయారీని ఆపేస్తాయని ఆయన చూపారు. 1975లో పోలండ్‌లోని క్రాకోవ్‌లో ఆండ్రే ష్చెక్లిక్ బృందం దాన్ని ఈ రోగులకు అన్వయించింది. ప్రోస్టాగ్లాండిన్లను ఆపే మందులే ఆస్తమా దాడిని రేపుతున్నాయి, ఆపనివి రేపడం లేదు. కొన్నేళ్లకే స్వీడన్‌లో బెంగ్ట్ శామ్యుయెల్సన్ లూకోట్రయీన్ల గుట్టు విప్పారు. శ్వాసనాళాలను బిగబట్టి, వాపును, కఫాన్ని పెంచే పదార్థాలివి. ప్రోస్టాగ్లాండిన్లలో ఇ2 అనే రకం వీటి తయారీకి కళ్లెం వేస్తుంది. ఈ రోగుల్లో అసలే బలహీనంగా ఉన్న ఆ కళ్లెం మాత్రతో పూర్తిగా తెగిపోతుంది. వేన్, శామ్యుయెల్సన్ ఇద్దరూ స్యూనె బెర్గ్‌స్ట్రోమ్‌తో కలిసి 1982లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

బయోమార్కర్ (జబ్బును పట్టిచ్చే, కొలవగల గుర్తు) అన్వేషణ ఇక్కడే మొదలైంది. లూకోట్రయీన్లలో సి4, డి4 రకాలు పుట్టిన కాసేపటికే మారిపోతాయి. చివరికి మిగిలే ఇ4 నిలకడైనది, మూత్రంలో బయటికి వస్తుంది. సూది గుచ్చే పని కూడా లేకుండా దాన్ని కొలవవచ్చు. 1990ల మొదట్లో లండన్, స్టాక్‌హోమ్ పరిశోధకులు కొలిచి చూస్తే, ఈ రోగుల మూత్రంలో ఇ4 మామూలు రోజుల్లోనే మిగతా ఆస్తమా రోగుల కంటే ఎక్కువగా ఉంది. ఆస్పిరిన్ ఇచ్చాక ఇంకా పెరిగింది. 1998లో సౌతాంప్టన్, క్రాకోవ్ పరిశోధకులు శ్వాసనాళాల నుంచి తీసిన ముక్కలను పరీక్షించి, లూకోట్రయీన్ సి4ను తయారుచేసే ఎంజైము వీరిలో బాగా ఎక్కువగా ఉందని చూపడంతో కారణం కూడా దొరికింది.

అయినా అది పూర్తి స్థాయి నిర్ధారణ పరీక్ష కాలేకపోయింది. రెండు గుంపుల సగటులు వేరు, ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషి వేరు. ఆస్పిరిన్ పడేవాళ్లలోనూ ఆస్తమా ముదిరినప్పుడు, పొగ తాగినప్పుడు ఇ4 పెరుగుతుంది. లూకోట్రయీన్ల తయారీనే ఆపే జైల్యూటన్ వాడుతుంటే తగ్గుతుంది. ఇసినోఫిల్ అనే తెల్ల రక్తకణాలు, పెరియోస్టిన్ అనే ప్రోటీన్, ప్రోస్టాగ్లాండిన్ డి2 అవశేషాలు వంటి ఇతర గుర్తులనూ పరిశీలించారు. ఏదీ ఒంటరిగా తీర్పు చెప్పే స్థాయికి రాలేదు.

అందుకే ఆస్పిరిన్ ఇచ్చి చూసే ఆ పాత పద్ధతి, అంటే ఛాలెంజ్ టెస్టు, నిలిచి ఉంది. ఆసుపత్రిలో, అత్యవసర చికిత్స సిద్ధంగా పెట్టుకుని, తక్కువ మోతాదుతో మొదలుపెట్టి గంటల తరబడి పెంచుతూ పోతారు. ఊపిరితిత్తుల బలం 20 శాతం పడిపోతే జబ్బు ఉన్నట్టే. రోగికి ఇది చిన్న పరీక్ష కాదు, ఆస్తమా అదుపులో లేనివారికి చేయకూడదు కూడా. అలాగని నిర్ధారణను వదిలేయనూ లేము. గుండెకు స్టెంట్ వేసినవారికి ఆస్పిరిన్ తప్పనిసరి అవుతుంది. పైగా మోతాదు పెంచుతూ అలవాటు చేసి, తర్వాత రోజూ ఆస్పిరిన్ ఇస్తే పాలిప్స్ మళ్లీ పెరగడం నెమ్మదిస్తుంది. అమెరికాలోని లా హోయాలో డొనాల్డ్ స్టీవెన్సన్ బృందం 1980ల నుంచి ఈ చికిత్సను ముందుకు తీసుకువెళ్లింది. అంటే ఈ జబ్బు ఉందని తేలడం చికిత్సకు తలుపు తెరుస్తుంది.

మూత్రంలో ఇ4 కొలతకు అసలైన విలువ ఇక్కడే ఉందని నా నమ్మకం. పాలిప్స్ ఉండి, నొప్పి మాత్రలు ఎన్నడూ వేసుకోని ఆస్తమా రోగికి ఆ అంకె చాలా ఎక్కువగా వస్తే ఛాలెంజ్ టెస్టుకు పంపడానికి గట్టి కారణం దొరుకుతుంది. ఆ దారికి అడ్డుగా ఉన్నది కొలత పద్ధతే. మాస్ స్పెక్ట్రోమెట్రీతో (అణువులను బరువును బట్టి గుర్తించే పద్ధతితో) కొలిచే ల్యాబు, యాంటీబాడీ కిట్‌తో కొలిచే ల్యాబు ఒకే నమూనాకు వేర్వేరు అంకెలు ఇవ్వగలవు. ఎక్కడ గీత గీయాలన్న దానిపై అన్ని ల్యాబులకూ చెల్లే ఒప్పందం ఇంకా కుదరాలి.