కంట్రీ గాస్పెల్ అంటే మూడు కార్డ్స్ పాటేనా? అపోహలు - వాస్తవాలు

గుంటూరు జిల్లాలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడుతూ పెరిగాను. పెళ్లయ్యాక అమెరికాలోని తూర్పు టెన్నెసీకి వచ్చాం. ఇక్కడి ఒక చిన్న సంఘంలో 12 ఏళ్లుగా గిటార్ వాయిస్తూ పాడుతున్నాను. మా ఆయనది కింది గొంతు, మా అమ్మాయిది పై గొంతు. మేం పాడేది కంట్రీ గాస్పెల్, అంటే అమెరికా పల్లెటూళ్ల బాణీలో ఉండే క్రైస్తవ పాటలు. వీటి గురించి బంధువులు, స్నేహితులు తరచూ అనే మాటలు కొన్ని ఉన్నాయి. వాటికి నాకు తెలిసిన జవాబులు ఇవి.

అపోహ: మూడు కార్డ్స్ వస్తే ఎవరైనా వాయించేయొచ్చు.

కార్డ్ అంటే గిటార్ మీద కలిపి మోగించే కొన్ని స్వరాలు. చాలా పాటలకు కార్డ్స్ మూడే, నిజమే. వారంలో పట్టుబడతాయి. కష్టమంతా ఆ తర్వాతే, పాట వరసను, తాళాన్ని కలిపి నడపడంలోనే. 1927 ఆగస్టు మొదట్లో, టెన్నెసీ, వర్జీనియా సరిహద్దులోని బ్రిస్టల్ ఊళ్లో విక్టర్ అనే రికార్డుల కంపెనీ కోసం రాల్ఫ్ పీర్ పాటలు రికార్డు చేస్తుంటే, కార్టర్ కుటుంబం వచ్చి ఆరు పాటలు పాడింది. ఏ.పి. కార్టర్, ఆయన భార్య సారా, తమ్ముడి భార్య మేబెల్. తోడికోడళ్లిద్దరూ పుట్టింటి వైపు నుంచి కూడా చుట్టాలే. మేబెల్‌కి అప్పటికి 18 ఏళ్లు, కడుపుతో ఉంది. ఆమె బొటనవేలితో లావు తీగల మీద పాట వరస వాయిస్తూ, వేలితో సన్న తీగల మీద తాళం నడిపేది. వింటే ఇద్దరు వాయిస్తున్నట్టు ఉంటుంది. ఆ పద్ధతిలో నా బొటనవేలు ఆగకుండా నడవడానికి ఎనిమిది నెలలు పట్టింది. కొత్తగా నేర్చుకునేవాళ్లు తాళం సంగతి పక్కన పెట్టి, ముందు ఒక్క బొటనవేలితోనే పాటంతా వాయించండి. వరస గుర్తుపట్టేలా వినిపించాకే రెండో వేలు కలపండి.

అపోహ: రక్తసంబంధం ఉంటేనే గొంతులు అలా కలుస్తాయి.

ఇక్కడివాళ్లు దీన్ని బ్లడ్ హార్మనీ అంటారు. అలబామాలోని శాండ్ మౌంటెన్ ప్రాంతం నుంచి వచ్చిన లూవిన్ బ్రదర్స్ పాడుతుంటే, పై గొంతు అన్నదో తమ్ముడిదో చెప్పడం కష్టం. పాట మధ్యలోనే మార్చుకునేవారు. కాబట్టి అలాంటి కలయిక ఉంది. కానీ అది పుట్టుకతో వచ్చేసేది మాత్రం కాదు. ఒకే ఇంట్లో పెరిగినవాళ్లు అచ్చులు ఒకేలా పలుకుతారు, ఊపిరి ఒకే చోట తీసుకుంటారు. దానికి తోడు ఆ అన్నదమ్ములు చిన్నప్పటి నుంచీ సేక్రెడ్ హార్ప్ అనే పాత కీర్తనల పుస్తకంలోని పాటలు వింటూ పెరిగారు. అలాంటి పుస్తకాల్లో స్వరాలను ఆకారాలతో చూపిస్తారు. త్రికోణం, గుండ్రం, చదరం చూసి పల్లెటూరి వాళ్లు కూడా నాలుగు గొంతుల్లో పాడగలిగేవారు.

మా అమ్మాయి నా కడుపున పుట్టిందే, అయినా మా గొంతులు మొదట కలవలేదు. శ్రుతి సరిగానే ఉండేది. నేను "లార్డ్" అనే మాటను తెలుగు అచ్చుతో పలికేదాన్ని, తను ఇక్కడి యాసలో పలికేది. రాత్రిపూట గిన్నెలు తోముకుంటూ గిటార్ లేకుండా ఆ ఒక్క మాటనే సాగదీసి పాడేవాళ్లం. అలా కొన్ని వారాలకు కుదిరింది. రక్తసంబంధం లేని నలుగురైనా ఇలా కూర్చుంటే కుదురుతుంది, మా సంఘంలోనే చూశాను.

అపోహ: కలిసి పాడే కుటుంబంలో కలతలు ఉండవు.

ఏ.పి., సారా 1930లలో విడిపోయారు, విడాకులూ తీసుకున్నారు. అయినా 1943 దాకా కలిసి పాడారు. ఈ సంగతి దాచిపెట్టి వాళ్లను ఆదర్శ కుటుంబంగా చూపించడం నాకు నచ్చదు.

అపోహ: ఇది తెల్లవాళ్లు సొంతంగా తయారుచేసుకున్న సంగీతం.

ఇది విన్న ప్రతిసారీ నాకు బాధగా ఉంటుంది. ఏ.పి. కొండ ఊళ్లు తిరిగి పాటలు సేకరించేటప్పుడు లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు చాలాసార్లు ఆయన వెంట ఉన్నారు. ఏ.పి. మాటలు రాసుకునేవారు, రిడిల్ వరసను మనసులో పెట్టుకునేవారు. మేబెల్ కూడా రిడిల్ దగ్గర గిటార్ మెళకువలు నేర్చుకుంది. రికార్డుల మీద మాత్రం ఆయన పేరు లేదు.

అపోహ: అన్నీ చావు పాటలే.

చావు గురించిన పాటలు చాలానే ఉన్నాయి. తల్లి శవపేటిక బండిలో వెళ్లిపోతుంటే చూస్తూ కొడుకు పాడే పాటను కార్టర్ కుటుంబం 1935లో రికార్డు చేసింది. అది 1907 నాటి ఒక కీర్తనను మార్చి కట్టుకున్నది. చరణంలో దుఃఖం, పల్లవిలో మళ్లీ కలుస్తామనే నిరీక్షణ. పాటల రచయిత ఆల్బర్ట్ బ్రమ్లీ "ఐల్ ఫ్లై అవే" (నేను ఎగిరిపోతాను) పాట ఆలోచన తనకు పత్తి తీస్తుండగా వచ్చిందని చెప్పారు. 1932లో అచ్చయిన ఆ పాటను ఇక్కడ భూస్థాపనల్లో హుషారుగా పాడతారు.

మా సంఘంలో ఒక పెద్దాయన చనిపోయినప్పుడు నేను దాన్ని మెల్లగా మొదలుపెట్టాను. ఆయన భార్య చెయ్యెత్తి ఆపి, "ఆయన పాడే స్పీడులో పాడమ్మా" అన్నారు. రెండో చరణానికల్లా సమాధి పక్కన నిలబడ్డ మనవలు చప్పట్లు అందుకున్నారు.