పినక్బెట్‌లో గరిటె పెట్టకండి: ఫిలిప్పీన్స్ కూరగాయల వంటలు, అపోహలు - వాస్తవాలు

ఫిలిప్పీన్స్‌లోని దావావ్‌లో మెడిసిన్ చదివే మన తెలుగు పిల్లలకి ఇంట్లో వండి పెడుతుంటాను, కొన్నేళ్ళుగా ఇదే నా పని. పప్పు, పులుసు ఎలాగూ ఉంటాయి, వారంలో రెండు రోజులు మాత్రం ఇక్కడి వంటలే చేస్తా, ఎందుకంటే ఇక్కడ మార్కెట్‌కి వెళ్తే కాకర, వంకాయ, బెండ, గుమ్మడి, మునగాకు, చామాకు, తూటికూర అన్నీ మనకి తెలిసినవే కదా. కొత్తగా వచ్చిన పిల్లలూ, ఊళ్ళో ఉన్న వాళ్ళ అమ్మలూ అడిగేవి ఎప్పుడూ ఇవే, అందుకే ఒకచోట రాస్తున్నా.

అపోహ: అక్కడ అంతా పంది మాంసం, చేపలే, కూరగాయలు తినరు.

వాస్తవం: పండగ భోజనం చూసి రోజూ ఇదే అనుకుంటారు. ఉత్తరాన ఇలోకోస్ వాళ్ళకి పినక్బెట్ (కలగూర), దినెంగ్‌దెంగ్ (పల్చటి కూరగాయల పులుసు) లేకుండా గడవదు, బికోల్ వాళ్ళది చామాకు, కొబ్బరిపాలతో చేసే లాయింగ్, విసాయాస్‌లోనూ మా దావావ్‌లోనూ ఊతాన్ అని గుమ్మడి, బెండ, మునగాకు వేసి నిమ్మగడ్డితో పల్చగా కాచే చారు. ఇవన్నీ ఇళ్ళల్లో రోజువారీ తిండి.

అపోహ: హోటల్లో "గులాయ్" అంటే కూరగాయలే కాబట్టి శాకాహారులు తినేయొచ్చు.

వాస్తవం: తినకండి, ముందు అడగండి. గులాయ్ అంటే కూరగాయే, కానీ అందులో బగోఓంగ్ ఉండొచ్చు (ఉప్పులో ఊరబెట్టిన చిన్న రొయ్యల లేదా చిన్న చేపల ముద్ద), పాతిస్ అనే చేపల రసం ఉండొచ్చు, పైన నాలుగు పంది ముక్కలూ ఉండొచ్చు. "వలాంగ్ కర్నే" అంటే మాంసం లేకుండా అని, అంతవరకే అడిగితే చాలదు, ఎందుకంటే చేప, రొయ్య వాళ్ళ లెక్కలో కర్నే కాదు. ఇస్దా (చేప), హిపోన్ (రొయ్య), బగోఓంగ్, పాతిస్ ఒక్కోటీ పేరు పెట్టి అడగాలి. వాళ్ళు మోసం చేస్తున్నారని కాదు, శాకాహారం అనే మాటకి ఇక్కడ మన అర్థం లేదు, అంతే. ఇంట్లో చేసుకునే శాకాహారులు బగోఓంగ్ బదులు తావ్‌సి వాడండి, అంటే ఊరబెట్టిన నల్ల సోయా గింజలు, డబ్బాల్లో దొరుకుతాయి, ఒక స్పూన్ కడిగి మెదిపి వేస్తే సరి. అదే రుచి రాదు, కానీ ఉత్త ఉప్పు వేస్తే మాత్రం కూర చప్పగా పడుంటుంది.

అపోహ: పినక్బెట్ అంటే గుమ్మడికాయ వేసిన కలగూర, అన్నీ వేసి బాగా కలిపి ఉడికించడమే.

వాస్తవం: ఇక్కడే నాకు చాలా చెప్పాలనుంది. గుమ్మడి, రొయ్యల బగోఓంగ్ వేసేది టగాలోగ్ వాళ్ళ (మనీలా చుట్టుపక్కలవాళ్ళ) పద్ధతి. ఇలోకానో (ఇలోకోస్) వాళ్ళ పాత పద్ధతిలో కాకర, వంకాయ, బెండ, అలసంద కాయలు, టమాటా, అల్లం, ఉల్లి, చేపల బగోఓంగ్. పినక్బెట్ అన్న మాటకే ముడుచుకుపోయిందని అర్థం, కూరగాయలు వాటి నీళ్ళలోనే మగ్గి ముడతలు పడాలన్నమాట. మా పక్కింటి మానాంగ్ (ఇలోకానోలో అక్క) దగ్గర నేర్చుకున్న మొదటి రోజు నేను అలవాటుగా గరిటె తీశాను, ఆవిడ ఏమీ అనకుండా నా చేతిలోంచి లాక్కుని గట్టు మీద పెట్టేసి, గిన్నె రెండు చెవులూ గుడ్డతో పట్టుకుని, మూత బొటనవేళ్ళతో నొక్కి, ఒక్కసారి పైకి ఎగరేసి దించింది. లోపల కాయలు దొర్లిన చప్పుడు వినపడింది, మూత తీస్తే కింద టమాటా పైకొచ్చింది, ఒక్క బెండకాయ కూడా చిట్లలేదు. గరిటె పెడితే వంకాయ మెదిగిపోయి, బెండ జిగురు తేలి అంతా ముద్దవుతుంది. అడుగున టమాటా, అల్లం, ఉల్లి, మీద కాకర, వంకాయ, అన్నిటికన్నా పైన బెండ, వేడి నీళ్ళలో కలిపి వడకట్టిన బగోఓంగ్ ఒక అర కప్పు, సన్న సెగ. ఇంకేమీ అక్కర్లేదు.

అపోహ: లాయింగ్ ఉడికేటప్పుడు గరిటెతో కలిపితే గొంతు దురద పెడుతుంది.

వాస్తవం: ఇది ఇక్కడి పెద్దవాళ్ళే చెప్తారు, నేనూ చాన్నాళ్ళు నమ్మాను. చామాకులో కాల్షియం ఆక్సలేట్ సూదుల్లాంటి స్ఫటికాలుగా ఉంటుంది, గుచ్చుకునేది అదీ. దురద రాకుండా చూసేది ఎండబెట్టిన ఆకు, ఓపిగ్గా ఉడికించడం. ఒకసారి టైమ్ లేదని పచ్చి ఆకు తెచ్చి పావుగంటలో దించేశాను, అస్సలు కలపలేదు, అయినా ముగ్గురు పిల్లలు రాత్రంతా గొంతు పట్టుకుని కూర్చున్నారు, ఇప్పటికీ బాధగా ఉంటుంది. 50 గ్రాముల ఎండాకుకి 2 కప్పుల పల్చటి కొబ్బరిపాలు పోసి, ఆకు పాలు పీల్చుకునేదాకా వదిలేయండి, ముప్పావు గంట పడుతుంది. చిక్కటి మొదటి పాలు, కకాంగ్ గాతా అంటారు, ఒక కప్పు చివర్లో పోయాలి, ముందే పోసి మరిగిస్తే విరిగి నూనె తేలుతుంది. మన కొబ్బరిపాల వంటల్లోనూ ఇదే పద్ధతి.

అపోహ: మసాలా వేయరు, అందుకే చప్పగా ఉంటుంది, మనం కాస్త గరం మసాలా వేసుకుంటే బాగుపడుతుంది.

వాస్తవం: దయచేసి వేయకండి. వెల్లుల్లి, ఉల్లి, టమాటా వేయించి మొదలుపెట్టడం వాళ్ళ తాలింపు, గీసా అంటారు, స్పానిష్ మాట నుంచి వచ్చింది. మిగతా రుచి కంచం పక్కన ఉంటుంది: వెనిగర్, కలమన్సి నిమ్మ, మిరపకాయ కలిపిన సావ్‌సావన్, ఎవరికి కావాల్సింది వాళ్ళు కలుపుకుంటారు. కారం కావాలంటే బికోల్ వంటలు తినండి, గుంటూరు పిల్లలే నీళ్ళ గ్లాసు వెతుక్కున్నారు.

అపోహ: కొత్తవాళ్ళకి ఇవి కష్టం.

వాస్తవం: మొంగోతో మొదలుపెట్టండి. అవి మన పెసలే. మాంసం మానే కేథలిక్ అలవాటు వల్ల శుక్రవారం చాలా ఇళ్ళల్లో, హోటళ్ళలో ఇదే వండుతారు, లెంట్ (ఈస్టర్ ముందు ఉపవాస కాలం) రోజుల్లో మరీనూ. ఒక కప్పు పెసలు నాలుగు కప్పుల నీళ్ళలో మెత్తగా ఉడికించి, గీసాలో పోసి, స్టవ్ కట్టేశాక గుప్పెడు మునగాకు గానీ కాకరాకు గానీ వేసి మూత పెట్టండి. వాళ్ళు ఎండు చేప వేస్తారు, మీరు మానేయొచ్చు. ఆకు మాత్రం సెగ మీద ఉండగా వేయకండి, నల్లబడిపోతుంది.