ఎవరు ఎవరిని పట్టారు?

మైపాడు,
నెల్లూరు జిల్లా.

పిల్లలూ,

సెలవులకు వచ్చినప్పుడు మీలో ఒకరు ఇంగ్లీషు నోటుపుస్తకం ఇక్కడే మరచిపోయారు. ఎవరిదో చెప్పను. తిరగేశాను, తాతయ్యకు ఆమాత్రం హక్కు ఉంటుంది. "రాత్రి నాకు నిద్ర పట్టలేదు" అన్న వాక్యానికి ఇంగ్లీషు రాయమంటే, నిద్రను ముందు కూర్చోబెట్టి, అది నన్ను 'క్యాచ్' చేయలేదని రాసి ఉంది. పక్కనే ఎర్ర సిరాతో పొడవాటి గీత.

నవ్వొచ్చింది, ముచ్చట కూడా వేసింది. అరవై ఏళ్ళ కిందట నేనూ అచ్చం ఇదే రాశాను. మా మాస్టారు దాన్ని తరగతిలో అందరికీ చదివి వినిపించి, "నిద్ర ఏమైనా పోలీసా, నిన్ను పట్టుకోవడానికి?" అన్నారు. అందరూ నవ్వారు. తప్పు ఎక్కడుందో మాత్రం ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అది తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. చూశారా, ఇక్కడ కూడా పట్టడమే!

క్యాచ్ అంటే పట్టుకోవడమని మీకు క్రికెట్టే నేర్పింది. కానీ ఆ మాటకున్న అసలు బిగువు తెలియాలంటే తెల్లవారుజామున మా ఒడ్డుకు రావాలి. పడవ చేరగానే వలను ఇసుక మీద పరుస్తారు. నలుగురు చుట్టూ కూర్చుని కవళ్ళనే చిన్న చేపలను ఒక్కొక్కటిగా విడదీస్తారు. వంగి దగ్గరగా చూడండి. వల చేపను చుట్టి బంధించదు. నీటిలో కనబడని సన్నదారపు కంతలోకి చేపే తల దూరుస్తుంది. తల పడుతుంది, ఒళ్ళు పట్టదు. వెనక్కి రాబోతే దారం మొప్పల కింద బిగుసుకుంటుంది. ఇక ముందుకూ లేదు, వెనక్కూ లేదు. విడదీసేవాళ్ళు కూడా లాగరు. బొటనవేలితో దారాన్ని మొప్ప మీది నుంచి మెల్లగా తప్పిస్తారు.

ఈ తగులుకోవడం కూడా ఇంగ్లీషులో క్యాచే. చొక్కా అంచు మేకుకు తగులుకున్నా అదే మాట. పెట్టె మూతకు బిగించే కొక్కెమూ క్యాచే. పైకి లాభంగా కనబడే బేరంలో లోపల దాగిన మెలికనూ అలాగే అంటారు. నెల్లూరు ట్రంకు రోడ్డులో "రెండు కొంటే మూడోది ఉచితం" అన్న బోర్డు కనబడగానే మీ నాయనమ్మ "ఇందులో ఏదో తిరకాసు ఉంది" అంటుందే, ఆ తిరకాసే ఇంగ్లీషువాళ్ళ క్యాచ్. ఆ అనుమానంతోనే ఆమె దుకాణంలోకి వెళుతుంది, మూడు చీరలతో తిరిగి వస్తుంది. అది వేరే కథ.

మా ఒడ్డున ఇంకో విశేషం ఉంది. ఇక్కడివాళ్ళు సముద్రంలోకి వెళ్ళేటప్పుడు చేపలు పట్టడానికి వెళుతున్నామని అనరు, వేటకు వెళుతున్నామంటారు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మర పడవలను ఒడ్డునే ఆపుతారు. దానికీ వేట నిషేధమనే పేరు. వేట అంటే మొదట తరమడం కదా, ఆ తర్వాతే పట్టడం. క్యాచ్ కథ కూడా సరిగ్గా ఇంతే. 1066లో నార్మండీవాళ్ళు ఇంగ్లండును జయించారు. ఆ తర్వాత వాళ్ళ ఫ్రెంచి మాటలు ఇంగ్లీషులోకి వచ్చి చేరాయి. అలా వచ్చినదే క్యాచ్. అప్పట్లో దానికి వేటాడడం, తరమడం అనే అర్థాలూ ఉండేవి. అదే మాట మధ్య ఫ్రాన్సు యాసలో మరోలా పలికేది. ఆ పలుకుబడి కూడా ఇంగ్లీషుకు చేరి ఛేజ్ అయింది. అంటే దొంగ వెంట పరుగెత్తే ఛేజూ, వాడిని పట్టుకునే క్యాచూ ఒక తల్లి పిల్లలే. ఆ తల్లి లాటిన్ మాట.

మీ తమ్ముడు క్యాచ్‌కు భూతకాలం 'క్యాచ్‌డ్' అని రాస్తాడని అమ్మ ఫోనులో వాపోయింది. నిజానికి ఫ్రెంచి నుంచి వచ్చిన క్రియలు చాలావరకు బుద్ధిగా అలాగే నడుస్తాయి. ఇది మాత్రం 'కాట్' అయింది. ఎందుకంటే పట్టుకోవడానికి ఇంగ్లీషువాళ్ళకు అంతకుముందే లాచ్ అనే సొంత మాట ఉండేది. కొత్తగా వచ్చిన క్యాచ్ దాని బాణీ చూసి తన భూతకాలాన్ని మలచుకుంది. చివరికి పాత మాట పని కూడా తనే లాగేసుకుంది. పాపం లాచ్, తలుపు గడియగా మిగిలింది. అద్దెకు వచ్చినవాడు ఇల్లంతా ఆక్రమిస్తే యజమాని గుమ్మం దగ్గర నిలబడినట్టు! పాత ఇంగ్లీషు పుస్తకాల్లో క్యాచ్‌డ్ కూడా కనబడుతుంది కాబట్టి తమ్ముడిని మరీ కోప్పడకండి. వాడు రెండు మూడు వందల ఏళ్ళు ఆలస్యంగా పుట్టాడు, అంతే.

ఇక ఆ ఎర్ర గీత సంగతి. మాటకు మాట చూస్తే పట్టడమూ క్యాచూ ఒకటే. తేడా అంతా ఎవరు ఎవరిని పట్టారన్న దగ్గర ఉంది. ఇంగ్లీషువాడు జలుబును తానే పట్టుకుంటాడు, ఏదో కావాలని వెతికి తెచ్చుకున్నట్టు. కునుకునూ తానే పట్టుకుంటాడు. ఆఖరికి వాళ్ళ ఇల్లు కూడా మంటను పట్టుకుంటుంది. మన దగ్గర ఇదంతా తలకిందులు. జలుబు మనల్ని పట్టుకుంటుంది, నిద్ర మనకు పడుతుంది, నిప్పు ఇంటికి అంటుకుంటుంది. చెమటైనా, శనైనా వాటంతట అవే వచ్చి పడతాయి. మనం 'నాకు' అంటూ ఓ పక్కన కూర్చుంటాం. నిద్రను పిలిస్తే రాదని తెలిసినవాళ్ళం కాబట్టి ఈ విషయంలో మన భాషే నిజం చెబుతోందని నా అభిప్రాయం. పరీక్షలో మాత్రం వాళ్ళ పద్ధతిలోనే రాయండి.

అన్నిచోట్లా ఇలాగే ఉంటుందనుకుని మళ్ళీ గీత పడేలా చేసుకోకండి. దారిలో వాన ముంచుకొస్తే ఇంగ్లీషులోనూ మనిషే దొరికిపోతాడు. అంగడిలో గాజులు మీ కంటిని 'క్యాచ్' చేస్తాయి, మనమైతే కంటపడ్డాయంటాం. మీరు పరుగెత్తి బస్సును 'క్యాచ్' చేస్తారు. మనకు బస్సు అందుతుంది, లేదా అందదు. ఎవరైనా మీ పేరు 'క్యాచ్' చేయలేదంటే, సరిగా వినపడలేదని అర్థం. అప్పుడు ఇంకోసారి చెప్పండి, బిక్కమొహం వేయకండి.

పోతే, మన పట్టడం వెళ్ళే ప్రతిచోటికీ క్యాచ్ రాలేదు. పాఠం వంటపట్టినప్పుడు, నడుము పట్టేసినప్పుడు, "నాకేం పట్టింది" అని ఎవరైనా విసుక్కున్నప్పుడు అది దూరంగానే ఉండిపోతుంది. నిన్న మీ నాయనమ్మ మట్టి చట్టిలో వంజరం పులుసు పెట్టింది, మామిడికాయ ముక్కలు వేసి. వాసనకు ఆగలేక సాయంత్రమే కంచం తెచ్చుకుంటే, "పులుసు ఇంకా ముక్కకు పట్టలేదు, రేపు తిందురుగాని" అని మూత పెట్టేసింది. ఇంగ్లండు వంటింట్లో కూర 'క్యాచ్' అయిందంటే అడుగంటిందని అర్థం, పరుగున వెళ్ళి దించాలి. ఆ సంగతి చెప్పాను.

"వాళ్ళకు పులుసు పెట్టడం రాదేమో" అంది.

నోటుపుస్తకం రేపు పొద్దున్న బస్సులో తెలిసినవాళ్ళ చేత పంపిస్తున్నాను. ఈలోగా చట్టి మూత తీయాలి.

మీ
తాతయ్య