అపోహలు - వాస్తవాలు: నెలలు నిండని బిడ్డకు ఐరన్ చుక్కలు

నెలలు నిండకుండా పుట్టి ఇంటికి వెళ్లిన పిల్లలు ఫాలోఅప్‌కి వచ్చినప్పుడు బరువు చూడగానే నేను అడిగేది ఒకటే: "ఐరన్ చుక్కలు వేస్తున్నారా?" చాలాసార్లు వచ్చే జవాబూ ఒకటే. "ఆపేశామండీ. బరువు బాగానే పెరుగుతున్నాడు కదా!" ఎన్ఐసీయూ (పసికందుల ఇంటెన్సివ్ కేర్) బయట వారాల తరబడి నిద్ర లేకుండా గడిపిన తల్లిదండ్రులు వాళ్లు. వెంటిలేటర్, గొట్టాలు, మానిటర్ల మోత అన్నీ దాటి వచ్చాక చిన్న సీసాలోని మందు పెద్ద విషయంగా కనిపించకపోవడం సహజమే. కానీ నేను చూసే అపోహలన్నిటిలో పిల్లలకు ఎక్కువ నష్టం చేసేది ఇదే. కాబట్టి ముందు దీని సంగతి.

బరువు పెరుగుతోంది కాబట్టి ఐరన్ అక్కర్లేదనుకోవడం పూర్తిగా తలకిందుల లెక్క. కడుపులో బిడ్డకు తల్లి నుంచి ఐరన్ ఎక్కువగా అందేది చివరి మూడు నెలల్లోనే. నెలలు నిండి 3 కిలోలతో పుట్టిన బిడ్డ ఒంట్లో, కిలోకి సుమారు 75 మిల్లీగ్రాముల చొప్పున, 225 మిల్లీగ్రాముల దాకా ఐరన్ ఉంటుంది. అదే లెక్కన 1.2 కిలోలతో పుట్టిన బిడ్డకు ఉండేది 90. అందులోంచే ఎన్ఐసీయూలో పరీక్షలకు తీసిన రక్తం కూడా పోతుంది. ఒక మిల్లీలీటరు రక్తం తీస్తే సుమారు అర మిల్లీగ్రాము ఐరన్ పోయినట్టే. ఇంటికి వచ్చాక ఆ బిడ్డ ఆరు నెలలు తిరిగేసరికి పుట్టినప్పటి బరువుకి నాలుగైదు రెట్లవుతాడు. అంత ఒంటికి సరిపడా కొత్త రక్తం తయారవ్వాలంటే ఐరన్ కావాలి. బిడ్డ ఎంత చక్కగా పెరిగితే నిల్వ అంత త్వరగా ఖాళీ అవుతుంది. నెలలు నిండిన బిడ్డకు నాలుగు నుంచి ఆరు నెలల దాకా వచ్చే నిల్వ, వీళ్లకు రెండు మూడు నెలలకే అయిపోవచ్చు.

"హీమోగ్లోబిన్ బాగానే ఉంది, చూడండి" అని రిపోర్ట్ చూపించేవాళ్లు కొందరు. ఐరన్ తక్కువైనప్పుడు శరీరం ఉన్నదాన్ని ముందు ఎర్ర రక్తకణాలకు పంపిస్తుంది. మెదడు వంతు ఆ తర్వాతే. అంటే హీమోగ్లోబిన్ పడిపోకముందే మెదడుకు కొరత మొదలై ఉండొచ్చు. సరిగ్గా ఆ నెలల్లోనే నరాల మీద మైలిన్ అనే రక్షణ పొర ఏర్పడుతూ ఉంటుంది, జ్ఞాపకశక్తికి అవసరమైన హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం వేగంగా ఎదుగుతూ ఉంటుంది. రెండింటికీ ఐరన్ ఉండాల్సిందే. ఆలస్యంగా ఐరన్ ఇచ్చినా రక్తం బాగుపడుతుంది. మెదడు ఆ వయసులో పోగొట్టుకున్నదంతా తిరిగి వస్తుందని మాత్రం ఎవరూ మాట ఇవ్వలేరు. స్వీడన్‌లో 2 నుంచి 2.5 కిలోల బరువుతో పుట్టిన పిల్లల్లో కొందరికి ఆరు వారాల నుంచి ఆరు నెలల వయసు దాకా ఐరన్ చుక్కలు, కొందరికి ఐరన్ లేని చుక్కలు ఇచ్చి చూశారు. మూడున్నరేళ్లు వచ్చాక ఐరన్ అందని పిల్లల్లో ప్రవర్తన సమస్యలు స్పష్టంగా ఎక్కువగా కనిపించాయి. వాళ్లేమీ మరీ చిన్న పిల్లలు కారు. కిలో, కిలోన్నర బరువుతో పుట్టిన పిల్లల సంగతి ఇక వేరే చెప్పాలా?

చుక్కలు ఆపేయడానికి ఇంకో పెద్ద కారణం మలం రంగు. ఒక రాత్రి ఒక అమ్మమ్మ గారు మనవడిని ఎత్తుకుని, డైపర్‌ను కవర్లో చుట్టుకుని పరుగున వచ్చారు. "లోపల రక్తం పోతోంది డాక్టర్ గారూ" అంటుంటే ఆవిడ చేతులు వణుకుతున్నాయి. చూస్తే బిడ్డ హుషారుగా ఉన్నాడు, పొట్ట మెత్తగా ఉంది, పాలు బాగా తాగుతున్నాడు. డైపర్‌లో ఉన్నది ఐరన్ వల్ల వచ్చే నల్లటి ఆకుపచ్చ రంగు మాత్రమే. ఆవిడను కూర్చోబెట్టి, నీళ్లు ఇచ్చి, నెమ్మదిగా చెప్పాను. పేగుల జబ్బు గురించి జాగ్రత్తలు చెప్పి పంపేది మేమే, మరి ఆమాత్రం భయపడకుండా ఎలా ఉంటారు? నాకు కోపం వచ్చింది ముందురోజు "ఐరన్ పసిపిల్లల పేగుల్ని కాల్చేస్తుంది" అని ఫోన్లో మెసేజ్ పంపిన బంధువు మీద. పంపడానికి ఆ మనిషికి ఒక్క క్షణం పట్టి ఉంటుంది. ఆ కుటుంబానికి రాత్రంతా నరకం. ఐరన్ వేసే బిడ్డకు మలం నల్లబడటం మామూలే. ఎర్రటి రక్తం పడినా, తారులా జిగటగా దుర్వాసనతో వచ్చినా, పొట్ట ఉబ్బినా, ఆకుపచ్చ రంగు వాంతి అయినా, బిడ్డ పాలు మానేసి మత్తుగా పడి ఉన్నా అప్పుడు పరుగెత్తుకు రండి, ఎంత రాత్రయినా సరే.

తల్లిపాలలో అన్నీ ఉంటాయి కదా అని అడుగుతారు. నెలలు నిండని బిడ్డకు తల్లిపాలను మించినది లేదు, ప్రమాదకరమైన పేగుల జబ్బు నుంచి కాపాడేవి కూడా అవే. అయితే లీటరు తల్లిపాలలో ఉండే ఐరన్ అర మిల్లీగ్రాముకి మించదు. 2 కిలోల బిడ్డ రోజంతా తాగేది సుమారు 350 మిల్లీలీటర్లు. అవసరమేమో రోజుకి కనీసం 4 మిల్లీగ్రాములు. "నేను ఐరన్ మాత్రలు వేసుకుంటున్నాను, పాలలోకి వెళ్తుంది" అని నమ్మే తల్లులకు కూడా చెప్పాలి: ఆ మాత్రలు మీ రక్తానికి మంచివి, మానొద్దు. కానీ వాటివల్ల పాలలో ఐరన్ పెరగదు. తల్లిపాలు తాగుతూ వేరే ఏ రూపంలోనూ ఐరన్ అందని నెలలు నిండని పిల్లలకు, తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు ఐరన్ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో కూడా స్పష్టంగా చెప్పింది.

చుక్కలు ఆపకపోయినా చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. డిశ్చార్జ్ రోజు రాసిన డోసునే నెలల తరబడి వేస్తూ ఉంటారు. ఐరన్‌ను సాధారణంగా పుట్టిన రెండు నుంచి నాలుగు వారాల మధ్య మొదలుపెట్టి, కిలోకి రోజుకి 2 నుంచి 4 మిల్లీగ్రాముల లెక్కన, ఆరు నెలల వయసు వచ్చేదాకా, కొందరికి ఏడాది నిండేదాకా ఇస్తారు. 1.6 కిలోల బిడ్డకు 3.2 మిల్లీగ్రాములు సరిపోతాయి. అదే బిడ్డ 4 కిలోలయ్యాక అవే చుక్కలు వేస్తే కిలోకి ఒక మిల్లీగ్రాము కూడా అందదు. బరువు చూసిన ప్రతిసారీ డోసు మార్చాలా అని అడగండి. సీసా మారినా అడగండి. ఒకదాంట్లో మిల్లీలీటరుకి 10 మిల్లీగ్రాములు ఉంటే ఇంకోదాంట్లో 25 ఉండొచ్చు. లేబుల్ మీద చూడాల్సింది ఎలిమెంటల్ ఐరన్ (మందులో ఉన్న అసలు ఐరన్) అంకె. ఫెర్రస్ సల్ఫేట్‌లో అసలు ఐరన్ ఐదో వంతే. ఆ సీసా ఇంట్లో పెద్ద పిల్లలకు అందకూడదు. తియ్యగా ఉందని తాగేస్తారు, కిలోకి 60 మిల్లీగ్రాములు దాటితే ప్రాణం మీదికి వస్తుంది.

ఈమధ్య హోమియో షాపుల్లో దొరికే బయోకెమిక్ ఉప్పు మాత్రల గురించి ఎక్కువగా అడుగుతున్నారు. "ఫెర్రమ్ ఫాస్ కూడా ఐరనే కదా, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవంట." ఆ సీసా మీద 6ఎక్స్ అని ఉంటే పది లక్షల వంతుల్లో ఒక వంతు మందు అని అర్థం. 100 మిల్లీగ్రాముల మాత్రలో అసలు పదార్థం 0.0001 మిల్లీగ్రాము. అదంతా ఐరనే అనుకున్నా, రోజుకి 4 మిల్లీగ్రాములు అందాలంటే 40 వేల మాత్రలు కావాలి. వీటిని నమ్మి చుక్కలు ఆపడమంటే బిడ్డకు ఐరన్ ఇవ్వకపోవడమే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. చుక్కల వల్ల పళ్లు నల్లబడితే అది పైపై మరక, దంతం పాడవదు. కాల్షియం, ఫాస్పరస్ కూడా చివరి మూడు నెలల్లోనే చేరతాయి, అందుకే చాలా చిన్న పిల్లలకు అవి రాస్తాం. కాల్షియం, ఐరన్ ఒకేసారి వేయకండి. జింక్‌ను సొంతంగా మొదలుపెట్టకండి, ఎక్కువైతే రాగిని (కాపర్) ఒంట్లో చేరనివ్వదు. పాలలో చిటికెడు ఉప్పు కలపమని ఎవరైనా చెబితే వినకండి, సోడియం పెరిగితే పసి మెదడుకు ప్రమాదం. రక్తం ఎక్కించిన బిడ్డకు ఐరన్ ఆలస్యంగా మొదలుపెట్టొచ్చు, ఆ నిర్ణయం ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ తెలిపే రక్తపరీక్ష) చూసి తీసుకుంటారు. డబ్బా పాలు తాగే బిడ్డకు వాటిలో ఎంత ఐరన్ ఉందో లెక్కేశాకే చుక్కలు.

ఇంకొకటి, ఇది ఇంకా ప్రసవం కాని తల్లుల కోసం. 32 వారాల లోపు ప్రసవం అయ్యేలా ఉంటే తల్లికి మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కిస్తారు. "నాకు బీపీ లేదు కదా, ఫిట్స్ ఇంజెక్షన్ ఎందుకు?" అని చాలామంది వద్దంటారు. బీపీ ఎక్కువైన గర్భిణులకు ఫిట్స్ రాకుండా ఇచ్చేదీ ఇదే, కానీ ఇక్కడ అది బిడ్డ మెదడు కోసం. బిడ్డకు సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు సరిగా రాకపోవడం) వచ్చే ముప్పును సుమారు 30 శాతం తగ్గిస్తుంది. అదే ఉప్పు (ఎప్సమ్ సాల్ట్) కలిపిన నీళ్లతో స్నానం చేస్తే ఆ ఫలితం రాదు, సిరలోకి ఎక్కాల్సిందే. ఎక్కించేటప్పుడు ఒళ్లంతా వేడెక్కినట్టు, ముఖం మండినట్టు ఉంటుంది, కంగారు పడకండి. ప్రసవానికి కనీసం నాలుగు గంటల ముందు మొదలైతే మేలు కాబట్టి, డాక్టర్ అడిగినప్పుడు ఒప్పుకోవడానికి ఇంట్లో అందరూ వచ్చేదాకా ఆగకండి.