ఒకటో తరగతిలో మాట్లాడని పిల్ల

తల వెంట్రుక నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అలా పెరిగేటప్పుడు ఒంట్లో ఉన్న కార్టిసాల్ అనే హార్మోను కొంత అందులోనూ చేరుతుంది. మనం టెన్షన్ పడినప్పుడు మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు ఎక్కువగా వదిలే హార్మోను ఇదే. అందుకే ఒక వెంట్రుకను కుదురు నుంచి ముక్కలుగా కోసి పరీక్షిస్తే, ఏ నెలలో ఆ మనిషి ఎంత ఒత్తిడిలో ఉన్నాడో అంచనా వేయవచ్చు. నెదర్లాండ్స్‌లో కొందరు పరిశోధకులు కొత్తగా బడిలో చేరిన పిల్లల వెంట్రుకలను ఇలాగే పరీక్షించారు. 2013లో వెలువడిన వాళ్ళ ఫలితాల ప్రకారం, బడికి ముందు పెరిగిన భాగంలో కంటే బడిలో చేరాక పెరిగిన భాగంలో కార్టిసాల్ ఎక్కువగా ఉంది. స్వతహాగా బెదురు ఎక్కువున్న పిల్లల్లో ఈ తేడా మరింత కనిపించింది.

ఇది విని తల్లిదండ్రులు కంగారు పడనక్కర్లేదు. కొత్త చోట ఒళ్ళు జాగ్రత్త పడటం మంచి లక్షణమే. బ్రిటన్‌లో 2008లో వెలువడిన మరో అధ్యయనంలో, బడిలో చేరిన ఆరు నెలలకు పిల్లల్లో కార్టిసాల్ తగ్గినట్టు తేలింది. అయితే అదే అధ్యయనంలో ఇంకో సంగతి ఉంది. బడి మొదలవడానికి కొన్ని నెలల ముందు కొలిచినప్పుడే ఆ పిల్లల్లో అది ఎక్కువగా ఉంది. మన ఇళ్ళలో దానికి తోడు "ఉండు, బడిలో వేస్తే మాస్టారే నీ తిక్క కుదురుస్తారు" అనే మాటలు ఏడాది పొడుగునా వినిపిస్తాయి. బడి గుమ్మం చూడకముందే పిల్లకు బడి అంటే శిక్ష అని నేర్పేది మనమే.

మొదటి వారంలో అందరి కళ్ళూ ఏడ్చే పిల్లల మీదే ఉంటాయి. గేటు పట్టుకుని వదలని పిల్లాడు, అమ్మ కొంగు పట్టుకుని నేల మీద దొర్లే పిల్ల. బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ చెప్పినట్టు, చిన్నపిల్లల ఏడుపు తమను కాపాడే మనిషిని దగ్గరికి పిలుచుకునే సాధనం. అది పని చేస్తుంది కూడా. ఎవరో ఒకరు వచ్చి ఎత్తుకుంటారు, నీళ్ళు తాగిస్తారు, ఒళ్ళో కూర్చోబెట్టుకుంటారు. చాలామంది పిల్లలు కొద్ది వారాల్లోనే సర్దుకుంటారు.

నాకు దిగులు మూలన మెదలకుండా కూర్చున్న పిల్ల గురించి. 'బంగారుతల్లి, అసలు అల్లరే లేదు' అని ఆ పిల్లను మెచ్చుకుని వదిలేస్తాం. 1977లో అమెరికాలో స్రూఫ్, వాటర్స్ అనే పరిశోధకులు ఏడాది వయసు పిల్లలను తల్లి కాసేపు విడిచి వెళ్ళినప్పుడు గమనించారు. కొందరు ఏడవలేదు, ఏమీ పట్టనట్టు బొమ్మలతో ఆడుకున్నారు. వాళ్ళ గుండె వేగాన్ని కొలిస్తే మాత్రం అది పెరిగి ఉంది. ఏడాది పిల్లల సంగతిని ఆరేళ్ళ పిల్లలకు యథాతథంగా అంటగట్టకూడదు, నిజమే. కానీ పైకి కనిపించే నెమ్మది లోపలి నెమ్మది కాకపోవచ్చన్నంత వరకు దాన్ని గుర్తుపెట్టుకోవడం మంచిది.

మా పర్లాకిమిడి వైపు ఈ మౌనానికి ఇంకో పొర ఉంది. మహేంద్రతనయ అవతలి ఒడ్డున ఆంధ్రాలోని పాతపట్నం, ఇవతల ఒడిశా. 1936లో ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడినప్పుడు సరిహద్దు గీత ఇక్కడ పడింది గానీ ఇళ్ళలో భాష మారలేదు. తెలుగిళ్ళలో అమ్మ, మామ్మ, అప్ప అందరూ తెలుగే మాట్లాడతారు. బజారులో రెండు భాషలూ కలిసిపోతాయి. కొండల మీంచి వచ్చే గిరిజన పిల్లలది సవర భాష. ఒడియా మీడియం బడిలో చేరిన తెలుగు పిల్లకు మొదటి రోజున అమ్మ ఒక్కతే కాదు, అప్పటిదాకా తనకు వచ్చిన మాటలన్నీ గేటు బయటే ఉండిపోతాయి.

రెండో భాషలో అడుగు పెట్టే చిన్నపిల్లలను గమనించినవాళ్ళు ఒక క్రమాన్ని చెబుతారు. మొదట పిల్ల ఇంటి భాషలోనే మాట్లాడి చూస్తుంది. ఎవరికీ అర్థం కావడం లేదని తెలిశాక ఊరుకుంటుంది. అక్కణ్ణుంచి కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు, సైగలతోనూ చూపులతోనూ నెట్టుకొస్తుంది. బయటికి ఏమీ నేర్చుకోనట్టే ఉంటుంది గానీ, ఈ కాలమంతా ఆ పిల్ల వింటూ ఉంటుంది: ఏ మాటకు అందరూ లేస్తున్నారు, ఏ మాటకు పలక తీస్తున్నారు, ఏ మాటకు నవ్వుతున్నారు. తర్వాత బట్టీ పట్టిన ముక్కలు వస్తాయి. అందరూ కలిసి పాడే నమస్కారం, పాటలో ఒక చరణం, హాజరుకు పలికే మాట. సొంతంగా కట్టిన వాక్యాలు చివర వస్తాయి. కొందరు పిల్లలు ఇంటికొచ్చి తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి ఒడియా పాఠం చెబుతుంటారు, బడిలో మాత్రం నోరు తెరవరు. నేర్చుకోవడం జరుగుతోందనడానికి అంతకంటే ఏం కావాలి?

ఈ వినే కాలాన్ని జబ్బుగా గానీ మొండితనంగా గానీ చూడకూడదు. ఇంట్లో గలగలా మాట్లాడుతూ బడిలో అసలు నోరు విప్పని ఆందోళన సమస్య ఒకటి నిజంగానే ఉంది. అయినా దాన్ని నిర్ధారించడానికి అమెరికా మనోవైద్య సంఘం పెట్టిన నియమాలు రెండు విషయాల్లో జాగ్రత్త చెబుతాయి. కనీసం ఒక నెల గమనించాలి, బడిలో మొదటి నెల ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకోకూడదు. అక్కడి భాష రాకపోవడం వల్ల మాట్లాడకపోతే అది ఆ సమస్య కిందికి రాదు.

మాట్లాడని పిల్లను నిలబెట్టి "చెప్పు, చెప్పు" అని అందరి ముందూ అడగడం మనకు తెలియకుండా చేసే హాని. మనిషి ఒంట్లో కార్టిసాల్‌ను ఎక్కువగా పెంచే పరిస్థితులేమిటో తేల్చడానికి డికర్సన్, కెమెనీ అనే ఇద్దరు 2004లో 208 ప్రయోగాలను కలిపి విశ్లేషించారు. తన చేతిలో ఏమీ లేకపోవడం, నలుగురూ తనను బేరీజు వేస్తుండటం, ఈ రెండూ కలిసిన చోట ఆ పెరుగుదల అన్నిటికంటే ఎక్కువగా ఉంది. అవి పెద్దవాళ్ళ మీద చేసిన ప్రయోగాలు. అయినా రాని భాషలో, లేచి నిలబడి, నలభై కళ్ళ ముందు జవాబు చెప్పాల్సిన ఆరేళ్ళ పిల్ల పరిస్థితిలో ఆ రెండూ ఉన్నాయి.

దానికి బదులు చేయగలిగింది చాలా ఉంది. అందరూ కలిసి పాడే చోట మాట్లాడని పిల్ల పెదవులు కదుపుతుంది. అభినయ గేయాల్లో చేతులు కదుపుతుంది. రోజంతా ఏది తర్వాత ఏది వస్తుందో బొమ్మలు గీసి గోడకు అంటిస్తే, ప్రార్థన, పాట, పలక, భోజనం, ఆట, ఇల్లు అన్న వరుస ఏ భాషా రాకపోయినా చదువుకోవచ్చు. ఆ వరుసను మొదటి వారాల్లో మార్చకూడదు. తర్వాత ఏం జరుగుతుందో తెలిసిన పిల్లకు భయం తగ్గుతుంది. సూచనలు కూడా ఒక్కొక్కటిగా ఇవ్వాలి. ఈ వయసులో మనసులో ఒకేసారి నిలబెట్టుకోగలిగేవి రెండు మూడు విషయాలే. పుస్తకం తీసి, పలక పక్కన పెట్టి, వరుసలో నిలబడమని ఒక్క గుక్కలో చెబితే, అదీ కొత్త భాషలో, పిల్ల మొదటి మాట దగ్గరే ఆగిపోతుంది.

ఇక ఒంటికి వెళ్ళే సంగతి. ఇది చిన్న విషయం కాదు. ఆరేళ్ళ పిల్ల మూత్రాశయంలో పట్టేది దాదాపు 200 నుంచి 250 మిల్లీలీటర్లు, అంటే ఒక గ్లాసుడు. అడగడం రాని పిల్ల బిగబట్టుకుంటుంది, లేదా బిగబట్టుకోవాల్సి వస్తుందని నీళ్ళే తాగదు. రెండూ మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కు దారి తీయగలవు. మూత్రనాళం పొట్టిగా ఉండటం వల్ల ఆడపిల్లలకు ఆ ముప్పు ఎక్కువ. దొడ్డికి వెళ్ళకుండా ఆపుకుంటే మలబద్ధకం, దానితో కడుపునొప్పి. నిక్కరు తడుపుకున్న పిల్లాడిని చూసి తోటివాళ్ళు నవ్వితే మర్నాడు బడికి రానంటాడు, పెద్దవాళ్ళేమో చదువంటే బద్ధకం అనుకుంటారు. కాబట్టి ఒడియా అక్షరాల కంటే ముందు ఇంట్లో నేర్పాల్సినవి నాలుగు మాటలు: 'పరిస్రా' అంటే ఒంటికి, 'పాణి' అంటే నీళ్ళు, 'భోక' అంటే ఆకలి, 'గురుమా' అంటే టీచరమ్మ. టీచరమ్మ వైపు నుంచి కూడా 'ఒంటికి', 'నీళ్ళు', 'అమ్మ వస్తుంది' అన్న తెలుగు ముక్కలు నేర్చుకుంటే సగం భయం అక్కడే పోతుంది. మరుగుదొడ్డి ఎక్కడుందో, తలుపు ఎలా వేసుకోవాలో, నీళ్ళు ఎలా పోయాలో బడి తెరిచిన రోజే చూపించాలి.

పిల్ల భాషలో పిల్లకు చదువు చెప్పాలన్న ఆలోచన ఈ ఊరికి కొత్త కాదు. 1880లో ఇక్కడి బడిలో ఉపాధ్యాయుడిగా చేరిన గిడుగు రామమూర్తి సవర నేర్చుకుని, సవర పిల్లల కోసం ఆ భాషలోనే పాఠాలు తయారు చేశారు, బడులు పెట్టించారు. ఒడిశా ప్రభుత్వం 2006–07లో పది గిరిజన భాషల్లో మొదలుపెట్టిన బహుభాషా విద్యలో సవర కూడా ఉంది, తర్వాత ఆ భాషల సంఖ్య 21కి పెరిగింది. తెలుగు ఆ పథకం కిందికి రాదు. అయితే భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకునే వసతి కల్పించాలని రాజ్యాంగంలోని 350-ఏ అధికరణ రాష్ట్రాలకు చెబుతోంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం కూడా సాధ్యమైనంత వరకు మాతృభాషలోనే బోధించాలంటుంది. పిల్లలకు భయం, ఆందోళన లేకుండా చూడాలనీ అదే చట్టం అంటుంది. తల్లిదండ్రులు బడి కమిటీలో కూర్చున్నప్పుడు వీటిని ధైర్యంగా ఎత్తవచ్చు.

"ఇంట్లో కూడా ఒడియాలోనే మాట్లాడండి, పిల్లకు తొందరగా వస్తుంది" అనే సలహా మాత్రం వినకండి. ఒక భాషలో గట్టిపడిన అవగాహన రెండో భాషకు ఆసరా అవుతుందని కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1979లో ప్రతిపాదించారు. తర్వాత జరిగిన పరిశోధనలు చాలావరకు ఆ దారిలోనే నడిచాయి. మాటలో శబ్దాలను విడదీసి వినడం ఒకసారి వస్తే ఏ లిపికైనా పనికొస్తుంది. పైగా అ ఆ ఇ ఈ, క ఖ గ ఘ వరుస రెండు భాషల్లోనూ ఒకటే. మామ్మ చెప్పే కథ, పొడుపు కథ, చెమ్మచెక్క పాట ఒడియా చదువుకూ పెట్టుబడే. అమ్మానాన్నలు తమకే సరిగా రాని భాషలో పొడిపొడిగా మాట్లాడటం మొదలుపెడితే, పిల్లకు ఇంట్లో కూడా మాటలు కరువవుతాయి.

పొద్దున విడిచిపెట్టేటప్పుడు చూపు మరల్చి జారుకోవడం, "చాక్లెట్ కొనుక్కొచ్చేస్తా" అని మాయమవడం వద్దు. ఆ రోజుకు గొడవ తప్పుతుంది గానీ, అమ్మ ఏ క్షణంలోనైనా కనపడకుండా పోగలదని పిల్లకు తెలిసిపోతుంది. మర్నాటి నుంచి కొంగు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. చెప్పి, ముద్దు పెట్టి, వెంటనే వెళ్ళిపోవాలి. 'రెండు గంటలకు వస్తా' అంటే ఆ వయసుకు అర్థం కాదు. 'దాల్మా అన్నం తిన్నాక, ఆట ఆడాక, గంట కొడతారు, అప్పుడు నేను గేటు దగ్గరుంటా' అంటే అర్థమవుతుంది. అన్నట్టే ఉండాలి.

బడిలో బుద్ధిగా ఉండి ఇంటికొచ్చాక చిన్న మాటకే పిల్ల బోరుమంటే, అది పెంకితనం కాదు. రోజంతా తనను తాను పట్టి ఉంచుకున్న అలసట నమ్మిన మనుషుల దగ్గర బయటపడుతోంది. 'ఏం చెప్పారు, ఏం రాశావు' అని నిలదీయకుండా అన్నం పెట్టి కాసేపు వదిలేయండి. ఆరేళ్ళ పిల్లకు రాత్రి తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలి. ఎప్పుడో మానేసిన పక్క తడపడం ఈ వారాల్లో మళ్ళీ కనిపిస్తే తిట్టకండి, చాలామందిలో అదే పోతుంది.

ఒడిశాలో ఇంకో చిక్కుంది. కొత్త తరగతులు ఏప్రిల్ మొదట్లో మొదలై, ఎండలకు భయపడి పొద్దున్నే నడుస్తాయి, పిల్ల కాస్త అలవాటు పడేసరికి వేసవి సెలవులు, జూన్‌లో మళ్ళీ బడి. అంటే మొదటి రోజు రెండుసార్లు వస్తుంది. ఏప్రిల్‌లో బాగానే వెళ్ళిన పిల్ల జూన్‌లో ఏడిస్తే ఆశ్చర్యపోకూడదు. సెలవుల్లో అదే తరగతి పిల్లలు ఒకరిద్దరితో ఆడుకునేలా చూస్తే చాలా మేలు. తెలిసిన స్నేహితులున్న తరగతిలో చేరిన పిల్లలకు బడి మీద ఇష్టం ఎక్కువగా ఉంటుందని అమెరికా పరిశోధకుడు గ్యారీ లాడ్ 1990లో చూపించారు. ఉపాధ్యాయులూ తెలుగు వచ్చిన ఇద్దరిని పక్కపక్కన కూర్చోబెట్టవచ్చు. అక్షరాల తొందర కూడా అక్కర్లేదు. 2021లో కేంద్రం ప్రవేశపెట్టిన 'విద్యాప్రవేశ్' ఒకటో తరగతిలో మొదటి 12 వారాలను ఆటపాటలకే కేటాయించమంటోంది.

ఇన్ని చేసినా మాట్లాడని పిల్ల విషయంలో వైద్యుణ్ణి ఎప్పుడు కలవాలి? ఇంట్లో కూడా మాట తగ్గిపోయినా, తిండి తగ్గి చిక్కిపోతున్నా, బడి ఉన్న రోజుల్లో మాత్రమే వచ్చే కడుపునొప్పి నెలలు గడిచినా పోకపోయినా కలవాలి. ఆ నొప్పి నాటకం కాదు, ఆందోళన వల్ల కడుపులో నిజంగానే నొప్పి పుడుతుంది. అన్నిటికంటే ముందు చెవులు చూడాలి. జలుబు తర్వాత చెవిలో నీరు చేరి వినికిడి తగ్గిన పిల్లలూ బడిలో ఇలాగే మౌనంగా కూర్చుంటారు, తప్పు భాష మీదికి పోతుంది. వెనక నిలబడి మెల్లగా తెలుగులో పేరు పెట్టి పిలిచి చూడండి. పలక్కపోతే పరీక్ష చేయించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు సర్కారు బడులకు వచ్చి పిల్లలను చూస్తాయి. వాళ్ళు వచ్చిన రోజున తెలుగు వచ్చిన మనిషి ఒకరు పిల్ల పక్కన ఉండాలని బడికి ముందే చెప్పి పెట్టండి. లేకపోతే ఒడియా ప్రశ్న అర్థంకాక ఊరుకున్న పిల్ల పేరు ఎదురుగా బుద్ధి ఎదగలేదని రాసుకుని వెళ్ళిపోయే ప్రమాదం ఉంది.